జైనబ్బి గది గోడ

పిల్లలూ, ఈ కథ మీ చెవిన పడలేదు. మనవాళ్ళు నలుగురూ చేరే చోట పెరిగి ఉంటే ఈపాటికి పదిసార్లు విని, విసుక్కుని కూడా ఉండేవారు. మన ఊరికి ఇంత దూరాన అది నా వంతైంది కాబట్టి చెబుతున్నాను.

సముద్రానికి దగ్గరగా ఒక చిన్న దర్గా. దాన్ని చూసుకునే పెద్దాయన దస్తగిరి బాబా. ఆయన శిష్యుడు మౌలాలి. నిష్ఠాపరుడు. సమాధి మీద వాడిన పూలు ఎవరి కాలి కిందా పడకూడదని, రోజూ తానే ఏరి, మిద్దె మీదికి మోసుకెళ్ళి పోసేవాడు.

ఆ వానాకాలం మౌలాలి కోపంతో ఉడికిపోతున్నాడు. దర్గాలో వంట చేసే జైనబ్బి, తన ఆరేళ్ళ కూతురితో ఉండే గదిలో గోడ నల్లబడింది. ఉరుసు వస్తోందని సున్నం వేశాడు. పది రోజులకు సున్నంలోంచే నల్లచుక్కలు లేచాయి. మళ్ళీ వేశాడు. మళ్ళీ లేచాయి. మూడోసారికి అతని వేళ్ళ సందులు ఒరిసిపోయాయి. వారం తిరక్కుండానే గోడకు బూజు పట్టింది. గదంతా ముక్కిన వాసన.

"తడిబట్టలు లోపల ఆరేస్తావు. గంజి లోపల వారుస్తావు. గోడ కుళ్ళక ఏం చేస్తుంది?" అని జైనబ్బి మీద విరుచుకుపడ్డాడు.

"పొయ్యి బయటికి తెచ్చి నెల దాటింది భాయ్. బట్టలు ఆ తీగ మీదే ఆరుతున్నాయి, కనబడటం లేదా? పిల్ల దగ్గలేక చస్తోంది."

"శుభ్రం లేనిచోట దగ్గు రాక అత్తరు వాసన వస్తుందా?"

జైనబ్బి ముఖం జేవురించింది. "మూడుసార్లు సున్నం కొట్టావు. ఒక్కసారైనా గోడ ముట్టుకుని చూశావా?"

ఆ మాట తగలరాని చోట తగిలింది. మౌలాలి నేరుగా బాబా దగ్గరికి వెళ్ళాడు. "ఆవిణ్ణి పంపించెయ్యండి బాబా. ఉరుసుకు వచ్చినవాళ్ళు ముక్కు మూసుకుంటే పరువు పోయేది దర్గాది. ఆవిడ ఉన్నంతకాలం నేను సున్నం కుంచె ముట్టను."

ఆ గది తప్ప జైనబ్బికి తలదాచుకునే చోటు లేదని ఇద్దరికీ తెలుసు.

బాబా లేచి, మౌలాలిని వెంటబెట్టుకుని ఆ గదిలోకి నడిచాడు.

"గోడకు చెయ్యి ఆనించు."

మౌలాలి ఆనించాడు. కింద పొడిగా ఉంది. నడుమ చల్లగా తగిలింది. పైకప్పు దగ్గర అరచెయ్యి తడిసింది.

"వంట ఎక్కడ చేసేది?"

"కిందే బాబా."

"నిచ్చెన పట్టుకురా."

డెబ్బై ఏళ్ళాయన మెట్టుమెట్టుకూ ఆగుతూ ఎక్కాడు. వెనకే మౌలాలి. సరిగ్గా ఆ గది మీదుగా, మిద్దె మీద చీలమండల లోతు నీళ్ళు. మూల, నీళ్ళు పోయే తూముకు అడ్డంగా పూలు. నెలల తరబడి పోసినవి, కుళ్ళి, నల్లటి ముద్దై ఉన్నాయి.

బాబా వంగి, మోచేతిదాకా చెయ్యి పెట్టి ఆ ముద్ద లాగాడు. నీళ్ళు గడగడమని కిందికి దూకాయి. ముద్ద తెచ్చి మౌలాలి దోసిట్లో పెట్టాడు. దాని మీద నిన్నటి బంతిరేకు ఒకటి ఇంకా పచ్చగానే ఉంది.

"ఎవరూ తొక్కకూడదనే బాబా..." అన్నాడు మౌలాలి.

"ఎవరూ తొక్కలేదు," అన్నాడు బాబా. "పిల్ల పీల్చింది."

నిచ్చెన కింద జైనబ్బి నిలబడి ఉంది. "ఇప్పుడు చెప్పు భాయ్, ఎవరిని పంపించాలి?"

మౌలాలి దోసిట్లో ముద్దతోనే కిందికి దిగాడు. గుంట తవ్వి ఆ పూలను మట్టిలో కలిపాడు. తన గది తల్లీకూతుళ్ళకు ఇచ్చి, తాను వసారాలోకి మారాడు. జైనబ్బి ఉండిన గది తలుపులూ కిటికీలూ బార్లా తెరిచి, దుమ్ము రేగకుండా తడిగుడ్డతో బూజంతా తుడిచాడు. గోడ నిలువునా ఆరేదాకా రోజూ అరచేత్తో చూసుకుని, ఆ తర్వాతే సున్నం కలిపాడు.

పిల్లలూ, రేపు మీ పిల్లలకు ఈ కథ చెప్పండి. మౌలాలి చెడ్డవాడని చెప్పకండి. పూలు పోసింది ఎవరో మాత్రం దాచకండి.