కప్పుకి కన్నం

చింతాడ గవర్రాజు ఇంట్లో ఉన్నది ముగ్గురే. ముగ్గురూ తెలివైనవాళ్ళు. ఆ మాట వీధిలో ఇంకెవరూ అనరు కాబట్టి వాళ్ళే చెప్పుకునేవారు.

"చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే తెలివి. సొంతంగా ఆలోచించేవాళ్ళే చెడిపోతారు" అనేవాడు గవర్రాజు. పెళ్ళాం నూకాలూ, తమ్ముడు అప్పలకొండా నిజమేనని తలూపేవారు.

రేకుల ఇంట్లో లాండ్రీ పెట్టుకున్నారు. ఆ ఏడు ముసురు పట్టి పన్నెండు రోజులైనా వదల్లేదు. కోలాటం దేముడమ్మ జట్టు చీరలు ఇరవై నాలుగూ తడితడిగా వేలాడుతున్నాయి. మర్నాడు పొద్దున్నే వాళ్ళు పోటీకి బస్సెక్కాలి. "సాయంత్రానికి చీరలివ్వకపోతే మా జట్టులో ఒక్కత్తీ మళ్ళీ మీ గడప తొక్కదు" అని చెప్పి వెళ్ళింది దేముడమ్మ. వాళ్ళ లాండ్రీకి బట్టలేసేదే ఆ జట్టువాళ్ళు. భయపడి అప్పటికప్పుడు బట్టలారబెట్టే మిషను తెప్పించారు.

మెకానిక్ జోగినాయుడు మిషను దింపి, గొట్టం చేతిలో పెట్టాడు. "దీని ఆవిరి బయటికి పోవాలి. కప్పుకి కన్నం పెట్టి గొట్టం పైకి తియ్యండి. నీళ్ళు దిగకుండా చూడండి. చివర టోపీ పెట్టండి. నాకు ఇంకో ఊళ్ళో పనుంది" అని బండెక్కి వెళ్ళిపోయాడు.

అంతే. నూకాలు టీ కప్పులు ఆరూ తెచ్చింది. అప్పలకొండ మేకూ సుత్తీ పట్టుకున్నాడు. అయిదు కప్పులు ముక్కలయ్యాయి. ఆరోదానికి మాత్రం చక్కటి కన్నం పడింది. కానీ గొట్టం దూరలేదు. నూకాలు ఫోను చేసింది.

"కన్నం పెట్టాం నాయుడుగారూ, గొట్టం పట్టడం లేదు."

"ఎంత పెట్టారమ్మా?"

"చిటికెన వేలంత."

"గొట్టం ఎంత లావుంటే కన్నం అంత ఉండాలి కదా."

"అంత పెడితే కప్పు మిగలదండీ."

"ఎందుకు మిగలదు? నీ నెత్తి మీద ఎంత కప్పు ఉంది?"

నూకాలు తల తడుముకుని, "ఏమీ లేదండీ" అంది. గవర్రాజు చటుక్కున ఆరో కప్పు ఆమె నెత్తి మీద పెట్టి, "ఇప్పుడుందని చెప్పు" అన్నాడు.

"ఇంటి కప్పమ్మా. రేకులు" అని జోగినాయుడు ఫోను పెట్టేశాడు.

అప్పలకొండ ఇల్లెక్కి రేకు కోసి గొట్టం తీశాడు. ఇంకేముంది, గొట్టం పక్కనుంచి వాన లోపలికి ధార కట్టింది. గవర్రాజు దానికిందే నిలబడి కన్నార్పకుండా పైకి చూస్తున్నాడు.

"నీళ్ళు దిగకుండా చూడమన్నారు, చూస్తూనే ఉన్నాను. అయినా దిగుతున్నాయి" అన్నాడు మొహం తుడుచుకుంటూ.

"మధ్యలో రెప్ప వేసుంటావన్నయ్యా" అన్నాడు అప్పలకొండ.

ఇద్దరూ వంతులేసుకుని చూశారు. ఇద్దరూ తడిశారు. ఈలోగా నూకాలు, గవర్రాజు చలికాలంలో పెట్టుకునే మంకీ టోపీ వెతికి తెచ్చింది. అప్పలకొండ దాన్ని గొట్టం మూతికి తొడిగి, గాలికి ఎగిరిపోకుండా తాడుతో బిగించి కట్టాడు. లోపల చీరలేసి మిషను ఆన్ చేశారు.

అంతే. ఇల్లంతా ఆవిరి. అన్నకి తమ్ముడు కనపడడు, తమ్ముడికి వదిన కనపడదు. ముగ్గురూ ఇడ్లీల్లా ఉడుకుతున్నారు. నూకాలు తడుముకుంటూ మళ్ళీ ఫోను చేసింది.

"గొట్టంలో గాలి ఆడటం లేదు, అదీ సంగతి. ముందు గాలి ఆడేలా చెయ్యండి" అన్నాడు జోగినాయుడు.

ఇంకేముంది, గవర్రాజు బిందె బోర్లించి దరువెయ్యడం మొదలుపెట్టాడు. అప్పలకొండ గొట్టానికి చెవి ఆనించి, "ఇంకా ఆడటం లేదన్నయ్యా, కొంచెం జోరు పెంచు" అంటున్నాడు.

సరిగ్గా అప్పుడే చీరల కోసం దేముడమ్మ వచ్చింది. ఆమెను చూడగానే నూకాలుకి ప్రాణం లేచొచ్చింది.

"సమయానికొచ్చావక్కా. ఊరందరికీ ఆట నేర్పినదానివి. ఈ గాలికి కూడా నాలుగు అడుగులు నేర్పు. సిగ్గుపడి గొట్టంలోనే ఉండిపోయింది."

దేముడమ్మ ఆ ముగ్గురినీ, బిందెనీ, ఆవిరినీ చూసింది. మిషను ఆపి, ఫోను లాక్కుని, "నాయుడూ, నువ్వు రాకపోతే నా చీరలు ఉడికిపోతాయి" అంది.

జోగినాయుడు వానలోనే వచ్చాడు. మంకీ టోపీ ఊడదీశాడు. వాన పడకుండా గొట్టానికి రేకు మూత బిగించి, చుట్టూ తారు పూశాడు. రెండు గంటల్లో చీరలన్నీ పెళపెళలాడుతూ బయటికొచ్చాయి. దేముడమ్మ మూట కట్టుకుని, నవ్వాపుకుంటూ వెళ్ళిపోయింది.

జోగినాయుడు కూడా బండెక్కుతూ, "ఇంక నన్ను పిలవకండి. ఊరికే ఒక మూల పెట్టేస్తే పాడైపోతుంది. రోజూ ఓ గంట నడపండి, చాలు" అన్నాడు.

మర్నాడు పొద్దున్న వీధివీధంతా గుమ్మాల్లోకొచ్చింది. గవర్రాజు మిషనుకి తాడు కట్టి ముందునుంచి లాగుతున్నాడు. నూకాలు వెనకనుంచి నెడుతోంది. గొట్టంతోపాటు ఊడివచ్చిన పైకప్పు రేకుని అప్పలకొండ నెత్తిన మోసుకొస్తున్నాడు.

"ఎక్కడికి గవర్రాజూ?" అని అడిగారెవరో.

"ఎక్కడికీ లేదండీ. రోజూ ఓ గంట నడపమన్నారు" అన్నాడు గవర్రాజు ఆయాసపడుతూ. "మొదటిరోజు కదా, పాపం ఇంకా అడుగు వెయ్యడం లేదు."