సుంకమ్మ తిప్పిన అంకెల చక్రం

అనగనగా, చిన్నీ, కొండ కింద ఒక ఊళ్ళో సుంకమ్మ అనే ఆవిడ ఉండేది. ఊరికి ఎగువన సముద్రమంత చెరువు. ఆ చెరువుకి నీరుగంటి ఆవిడే. అంటే నీళ్ళు వదిలే తూముల తలుపులు ఎత్తడం, దించడం ఆవిడ పని.

చెరువుకట్ట మీద ఒక రాతి గది. అందులో బండిచక్రమంత రాతిచక్రం. దాని చుట్టూ ఆరంకెలు చెక్కారు: ఒకటి, నాలుగు, రెండు, ఎనిమిది, అయిదు, ఏడు. చక్రం పైన ఒక ఇనుప ముల్లు. ముల్లు కిందున్న అంకె నుంచి చదువుకోవాలి. అప్పుడు ముల్లు కింద ఒకటి ఉంది. ఎంతయిందనుకున్నావ్? లక్షా నలభై రెండు వేల ఎనిమిది వందల యాభై ఏడు!

గోడ మీద ఇలా చెక్కి ఉంది: "ఈ సంఖ్యని రెండు రెట్లు చేస్తే చిన్న తూము, మూడు రెట్లు చేస్తే నడిమి తూము, ఏడు రెట్లు చేస్తే పెద్ద తూము తెరుచుకుంటాయి. తప్పు అంకె మీద ముల్లు దించితే చక్రం ఇక కదలదు."

ఆ భయానికి ఎవరూ దాన్ని ముట్టలేదు. పొలాలకి పక్కనున్న, చేత్తో ఎత్తే పిల్లతూము చాలేది.

ఒక ఏడాది వాన పట్టుకుంది. కురిసింది, కురిసింది, కట్ట బీటలిచ్చింది. నీళ్ళు వదలకపోతే కట్ట తెగుతుంది. కట్ట కిందే సుంకమ్మ ఇల్లు. ఇంట్లో మంచం దిగలేని అత్తగారు!

ఊరిపెద్ద రెడ్డెప్ప ఉలి పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు, వెనకే ఊరి జనం. "రాతి మీది అంకెలు రెట్టింపెలా అవుతాయే? చెరిపి చెక్కాల్సిందే!"

"ఆగు మామా, ముందు ఎంతవుతుందో చూడనీ."

సుంకమ్మ బొగ్గుతో గోడ మీద లెక్క కట్టింది. రెండు, ఎనిమిది, అయిదు, ఏడు, ఒకటి, నాలుగు.

"మామా! అన్నీ ఆ అంకెలే! వరస కూడా అదే! కాస్త తిరిగాయంతే!"

అప్పుడు చక్రం తిప్పి, రెండు మీద ముల్లు దించింది. గడగడమని చిన్న తూము లేచింది!

ఆ తర్వాత మూడు రెట్లు. నాలుగు, రెండు, ఎనిమిది, అయిదు, ఏడు, ఒకటి. మళ్ళీ అవే! ముల్లెత్తి, చక్రం తిప్పి, నాలుగు మీద దించింది. నడిమి తూమూ లేచింది!

అయినా నీళ్ళు తగ్గలేదు.

ఆ తర్వాత ఏడు రెట్లు. ఆరు తొమ్మిదులు! చక్రం మీద ఒక్క తొమ్మిదైనా లేదు.

రెడ్డెప్ప ఉలి కింద పడేశాడు. "అయిపోయిందమ్మా, ఊరు మునిగింది."

సుంకమ్మ ఆ తొమ్మిదుల వంకే చూసింది. ఉన్నట్టుండి అరిచింది. "వీటిని ఎక్కణ్ణుంచి చదివినా ఒకటే కదా మామా! అంటే ఎక్కడా ఆగొద్దని! ముల్లెత్తేయండి, మళ్ళీ దించకండి, తిప్పుతూనే ఉండండి!"

ఊరంతా చెయ్యేసింది. చక్రం గిర్రున, గిర్రున, గిర్రున తిరిగింది. పెద్ద తూము ఏనుగులా లేచి నిలబడింది! చెరువు హోరెత్తుతూ ఊరికి దూరంగా పోయే వాగులోకి దూకింది!

సుంకమ్మ తడిబట్టలతోనే ఇంటికి పరిగెత్తింది.

"ఆ హోరేంటే?" అంది అత్తగారు.

"చెరువు వాగులోకి పోతోందత్తా. ఇంక భయం లేదు, పడుకో."

కథేమో కంచి దారి పట్టింది,
మా చిన్నికేమో నిద్ర పట్టింది.