పాలు ఆపే నల్లగింజ

ఆ వారంలో హకీం గారి శిష్యుడు పీరా, బాలింత సుంకులమ్మ ఇంటికి నడిచి వెళ్లిరావడం అది పదోసారి. కాళ్లు అరిగి అరిగి మోకాళ్ల దాకా వచ్చేశాయి. ఆమె చంటిబిడ్డ ఆకలి ఏడుపు మాత్రం మూడు ఊళ్ల అవతలికీ వినిపిస్తూనే ఉంది. తల్లికి పాలు ఎండిపోయాయి.

దర్గాకు తిరిగొచ్చి వైద్యం నేర్పే గురువుగారు హకీం లతీఫ్ సాహెబ్ ముందు కూలబడ్డాడు.

"హజ్రత్, బండెడు మెంతులు కాచి తాగించాను. ఊళ్లో వెల్లుల్లంతా ఆమె కడుపులోనే ఉంది. చుక్క రాలేదు."

"ఏం తింటోంది?"

"సజ్జరొట్టె. ఆ సజ్జలకు తేనెబంక తెగులు, నిండా నల్లగింజలే. వాటి విషం సంగతి పట్నంలో చదివానుగా! ఒంట్లో డోపమిన్ అని ఒకటుంది. అది తన చోట కూర్చుని 'చాలు' అంటే పాలు ఆగుతాయి. ఈ విషం పోయి ఆ చోటెక్కి కూర్చుని తనూ 'చాలు' అంటుంది. అందుకే మందు రెట్టింపు చేస్తున్నా. అయినా ఎవరో చెబితే ఒళ్లు ఎందుకు వినాలి, హజ్రత్?"

సాహెబ్ తన పచ్చశాలువా తీసి పీరా తలమీదుగా కప్పాడు.

"పోయి నా గద్దె మీద కూర్చో. చెయ్యెత్తు."

దర్గాలో మధ్యాహ్నం భోజనాల బంతి సాగుతోంది, కోసెడు పొడుగున. గద్దె మీద చెయ్యి లేచిందంటే అందరూ తిన్నట్టే. వడ్డించే ఖాసీంబీ అన్నం డేగిసా మీద మూత పెట్టేస్తుంది. గద్దె ఖాళీ అయ్యేదాకా తియ్యదు. ఆమెకు చూపు ఎంత మందమంటే, శాలువా కప్పి ఏనుగును కూర్చోబెట్టినా సలాం చేస్తుంది.

పీరా చెయ్యెత్తాడు. మూత పడింది.

"ఓ అవ్వా, మాకింకా మెతుకు పడలేదే!" అని సగం బంతి గోల పెట్టింది.

"హజ్రత్ చాలన్నారు. నోళ్లు ముయ్యండి."

పీరాకు చెమటలు పట్టాయి. పక్కనే నిలబడ్డ సాహెబ్‌తో గుసగుసలాడాడు. "జనం ఆకలితో ఉన్నారు. ఇంకో డేగిసా తెప్పించనా?"

"తెప్పించు."

వచ్చింది. ఖాసీంబీ దానిమీదా మూత పెట్టింది. మూడోది వచ్చింది. దానిమీదా పెట్టింది.

పీరా మూడు మూతల వంకా, తన ఒంటిమీది పచ్చశాలువా వంకా చూశాడు.

"లే నాయనా," అన్నాడు సాహెబ్. "నిలబడి నా కాళ్లు పీకుతున్నాయి."

ఆ పొద్దే పీరా పదకొండోసారి నడిచాడు. సుంకులమ్మ వాకిట్లో ఆమె సజ్జలన్నీ గట్టి ఉప్పునీళ్ల తొట్టిలో పోశాడు. నల్లగింజలు ఒక్కొక్కటే పైకి తేలాయి.

"ఈసారి మందేం తెచ్చినావు సామీ?" అంది ఆమె, బిడ్డను భుజం మార్చుకుంటూ.

పీరా దోసిళ్లతో నల్లగింజలను తోడి పారబోస్తున్నాడు.