నూకాలమ్మత్త డాన్యూబు చూసొచ్చింది

అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక వీధిలో మా పక్కిల్లు దిమ్మలవారిది. బెల్లం దిమ్మల వ్యాపారం గనక ఆ పేరు వచ్చిందని వాళ్ళంటారు. వీధిలో మేం ఏమనుకుంటామో వాళ్ళ దగ్గర ఎప్పుడూ అనలేదు. ఆ ఇంట్లో నలుగురు మనుషులు. పెద్దవాడు పోలినాయుడు, అతని భార్య వరాలమ్మ, తమ్ముడు సన్యాసినాయుడు, ఆ అన్నదమ్ముల మేనత్త నూకాలమ్మ. నలుగురికీ తమ తెలివి మీద ఎక్కడలేని నమ్మకం.

"తెలివంటే ఏటనుకున్నారు?" అంటాడు పోలినాయుడు అరుగు మీద కూర్చుని. "చెప్పిన మాట చెప్పినట్టు ఇనడం. మా ఇంట్లో పుట్టినోళ్ళకీ, మా ఇంటికొచ్చినోళ్ళకీ అదే అలవాటు."

వింటారు, అందులో అబద్ధం లేదు. ఒకసారి విశాఖపట్నం బస్సులో కండక్టరు "ముందుకు జరగండి" అన్నాడు. పోలినాయుడు జరిగాడు. మళ్ళీ అన్నాడు. మళ్ళీ జరిగాడు. ముందు తలుపు వచ్చింది, మెట్లు వచ్చాయి, రోడ్డు వచ్చింది, బస్సు వెళ్ళిపోయింది. ఇంకేముంది, అలా ముందుకే జరుగుతూ లంకెలపాలెం దాకా నడిచాడు. అదేం పనయ్యా అంటే, ఆగమని కండక్టరు చెప్పలేదు గదా అన్నాడు.

నూకాలమ్మత్తది ఇంకా పాత సంగతి. అయిదో క్లాసులో ఉండగా పంతులుగారు గోడకి ప్రపంచ పటం తగిలించి, డాన్యూబు నది ఎక్కడుందో చూపించమన్నారట. అత్త వేలు పటమంతా తిరిగి, పటం దాటి, గోడ మీదికి వెళ్ళి, కిటికీ దగ్గర ఆగింది. పంతులుగారికి ఒళ్ళు మండింది. "డాన్యూబును చూసేదాకా నువ్వు ఈ బళ్ళో కూర్చోవద్దు" అన్నారు. అంతే. అత్త పలక తీసుకుని ఇంటికి వచ్చేసింది. యాభై నాలుగేళ్ళయింది. ఇన్నేళ్ళలో పంతులుగారిని ఒక్క మాట అనలేదు ఆవిడ. పలక మాత్రం పెట్టెలో దాచుకుంది. చూసి రాగానే మళ్ళీ కావాలిగా.

అలాంటి ఇంట్లో ఒకరోజు పేపరుతోపాటు ఒక యాత్రల కంపెనీ కాగితం పడింది. పది రోజులు, నాలుగు దేశాలు, అంతా బస్సు ప్రయాణం, వెంట తెలుగు గైడు. గ్రీసు, మాసిడోనియా, బల్గేరియా, సెర్బియా. ఆఖరి రోజు డాన్యూబు నది. అత్త ఆ కాగితం రెండు చేతులతో పట్టుకుని, "ఒరే పోలీ, ఇది ఉందటరా" అంది. ఇంకేముంది, నలుగురూ బయల్దేరారు. అక్కడ జరిగినవన్నీ తిరిగొచ్చాక వాళ్ళే నాకు గొప్పగా చెప్పుకున్నారు. నేను కల్పించింది ఏమీ లేదు.

గైడు పేరు ప్రభంజన్. బెజవాడ కుర్రాడు, నెమ్మదస్తుడు, అదే అతని మొదటి యాత్ర. నలభైమందిని తీసుకెళ్ళి నలభైమందినీ తిరిగి తేకపోతే ఉద్యోగం ఉండదని కంపెనీవాళ్ళు ముందే చెప్పారు. ఏథెన్సులో బస్సు దిగగానే అతను పసుపు జెండా ఎత్తి, "ఈ జెండాను మాత్రం వదలకండి. ఇది ఎటు వెళ్తే మీరూ అటే" అన్నాడు.

అంతే. దిమ్మలవారు నలుగురూ జెండా గుడ్డని తలా ఒక కొస పట్టుకున్నారు. పాత గుడి ఉన్న కొండెక్కేటప్పుడూ వదల్లేదు, దిగేటప్పుడూ వదల్లేదు. మధ్యలో గైడు మగవాళ్ళ మరుగుదొడ్డిలోకి వెళ్ళాడు. జెండా వెళ్ళింది. జెండాతోపాటు వరాలమ్మ, నూకాలమ్మత్త కూడా వెళ్ళారు. లోపలున్న తెల్లవాళ్ళు ప్యాంట్లు పట్టుకుని బయటికి పరిగెత్తారు.

"అమ్మా, మీరు ఇక్కడికి రాకూడదు" అన్నాడు గైడు గోడకి తిరిగిపోయి.

"జెండా వచ్చింది కదు బాబూ" అంది అత్త.

ఏథెన్సులో ఏం చూశారని నేనడిగాను. పసుపు జెండా, అంచు కుట్టు ఒకచోట ఊడింది అని చెప్పింది వరాలమ్మ.

మర్నాడు ప్రభంజన్ దణ్ణం పెట్టి, "జెండా వద్దు, నా వెంటా పడొద్దు. ఏ ఊళ్ళో ఉంటే ఆ ఊరివాళ్ళు ఏం చేస్తే మీరూ అది చేయండి, ఏ గొడవా ఉండదు" అన్నాడు. తేలిగ్గా ఉంటుందనుకున్నాడు, పాపం.

మాసిడోనియాలో స్కోప్యే అనే ఊళ్ళో పాత బజారు చూడ్డానికి అరగంట ఇచ్చారు. నలుగురూ బస్సు దిగి, ఊరివాళ్ళు ఏం చేస్తున్నారా అని చూశారు. ఎదురుగా లారీలోంచి ఎర్ర మిరపకాయల బస్తాలు దించుతున్నారు. అక్కడి మిరపకాయలు మన చేతి పొడుగున, కారం లేకుండా ఉంటాయి, కాల్చుకు తింటారు. ఇంకేముంది, అన్నదమ్ములు తువ్వాళ్ళు తలకి చుట్టారు. పుట్టినప్పట్నించీ బెల్లం దిమ్మలు మోసిన భుజాలు అవి. వీళ్ళ జోరు చూసి ఆ ఊరి హమాలీలు మిరపకాయలు అక్కడే దించి, నీడకి పోయి కూర్చున్నారు. వాళ్ళు కూర్చున్నారు గనక వీళ్ళూ కూర్చున్నారు. వాళ్ళు లేచారు, వీళ్ళూ లేచారు. రెండో లారీ వచ్చింది. ఆడవాళ్ళు కాయలు ఏరుతుంటే అత్త, వరాలమ్మ కూడా కూర్చుని ఏరారు. మూడు గంటల తర్వాత గైడు వెతుక్కుంటూ వచ్చేసరికి, షాపు యజమాని పోలినాయుణ్ణి కౌగిలించుకుని వదలడం లేదు. ఒక బస్తా మిరపకాయలు ఊరికే ఇచ్చాడు. ఆ బస్తా బస్సులోకి వచ్చింది, గుంటూరు నుంచి వచ్చిన రిటైర్డు బ్యాంకాయన కాళ్ళ దగ్గర కూర్చుంది.

బస్సులో మిగతా ముప్పై ఆరుగురూ కంపెనీకి ఫోన్లు చేశారు. కంపెనీ గైడుకి చేసింది. అతను మొహం వేలాడేసుకుని వచ్చి, "పెద్దాయనా, ఇంకొక్క తప్పు జరిగితే మీ నలుగుర్నీ రేపే విమానం ఎక్కించి ఇంటికి పంపమన్నారు. డాన్యూబు చూడకుండానే వెళ్ళిపోతారు" అన్నాడు.

అత్త మొహం పాలిపోయింది. "ఒరే, నాను మరి బడికెలాగెల్తాను?" అంది. పోలినాయుడు ఆవిడ పక్కకొచ్చి కూర్చున్నాడు. "ఇన్నాళ్ళూ ఇన్నది సాల్లేదత్తా. ఇకనించి ఇంకా గట్టిగా ఇందాం" అన్నాడు.

అదీ వాళ్ళకి తట్టిన మార్గం.

బల్గేరియా సరిహద్దు దాటగానే ప్రభంజన్ మైకులో ఒక వింత చెప్పాడు. "ఇక్కడ తల అడ్డంగా ఊపితే అవునని. నిలువుగా ఊపితే కాదని. ఈ దేశంలో ఉన్నంతసేపూ గుర్తుంచుకోండి." మిగతావాళ్ళు నవ్వి ఊరుకున్నారు. దిమ్మలవారు దారంతా సాధన చేశారు. ఆ పూట హోటల్లో పెరుగులో కీరదోసకాయ తరిగి వేసిన చల్లటి చారు వడ్డించారు. ఇంకా కావాలా అన్నట్టు సర్వరు గరిటె చూపించాడు. వద్దని వరాలమ్మ నిలువుగా తల ఊపింది. విదేశీయులు కదా, కావాలంటున్నారు అనుకుని అతను పోశాడు. ఇంకా గట్టిగా ఊపింది. ఇంకా పోశాడు. అయిదు గిన్నెలు తాగింది. నోటితో వద్దనవచ్చు గదా అని నేనడిగితే, "తలతో అని కదు సెప్పారు" అంది.

ఇది చిన్నది. పెద్దది మర్నాడు పొద్దున. సోఫియా హోటలు ముందు సామాన్లు ఎక్కిస్తూ, గైడు సన్యాసినాయుడితో "మీరు అడుగు కదపకండి, ఈ పెట్టెలు చూస్తూ ఉండండి" అన్నాడు. పెట్టెలన్నీ ఎక్కించేశారు. సన్యాసినాయుడు ఉన్నచోటే ఉన్నాడు. బస్సు బయల్దేరబోతూ గైడు అడిగాడు, "మీ నలుగురూ వచ్చేశారా?"

పోలినాయుడు తమ్ముడి సీటు చూశాడు. ఖాళీ. రాలేదని నిలువుగా తల ఊపాడు. గైడు తెలుగువాడు. వచ్చారనుకున్నాడు. బస్సు కదిలింది. "మనోడు రానేదు కదు, అయినా బస్సు పోతోందేటి?" అని వరాలమ్మ అడిగితే, "నాను సెప్పినాను. ఆయనకి తెలీదేటి?" అన్నాడు.

నలభై కిలోమీటర్లు వెళ్ళాక లెక్క పెడితే ముప్పై తొమ్మిది. గైడుకి ఏడుపొక్కటే తక్కువ. బస్సు వెనక్కి తిప్పారు. హోటలు ముందు సన్యాసినాయుడు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. అడుగు కదపొద్దన్నప్పుడు ఒక కాలు గాల్లో ఉందట. ఎవరో అతని ముందు టోపీ పెట్టారు, ఎవరెవరో చిల్లర వేసి పోయారు.

ప్రభంజన్ ఈసారి కంపెనీకి చెప్పలేదు. చెబితే ముందు తన ఉద్యోగమే పోతుంది. అదీగాక నూకాలమ్మత్త అతని చెయ్యి పట్టుకుని, పంతులుగారి మాట, పలక సంగతి అన్నీ చెప్పింది. ఆ పిల్లాడి మనసు కరిగింది. "మామ్మగారూ, మీకు డాన్యూబు చూపించే పూచీ నాది. ఒక్కటే మాట. ఇకనించి నేను చెప్పింది చేయండి, చెప్పనిది చేయకండి. చాలు" అన్నాడు.

చాలు అనుకున్నాడు. సెర్బియా సరిహద్దు దగ్గర పాస్‌పోర్టులు తీయమంటూ, "ఫోటోలో ఎలా ఉన్నారో మనిషి అలాగే ఉండాలి. లేకపోతే దాటనివ్వరు" అని అందరితోపాటు వీళ్ళకీ చెప్పాడు. పోలినాయుడు పాస్‌పోర్టు చూసుకున్నాడు. ఆ ఫోటో సింహాచలం అప్పన్నకి తలనీలాలు ఇచ్చిన మర్నాడు తీయించింది. నున్నటి గుండు. ఇప్పుడేమో తలనిండా జుట్టు. అంతే, బ్లేడు తీయించాడు. సన్యాసినాయుడు గొరుగుతున్నాడు, బస్సు ఊగుతోంది. సగం తల అయ్యేసరికి అధికారి బస్సెక్కాడు. పాస్‌పోర్టులో గుండు చూశాడు, ఎదురుగా సగం గుండు చూశాడు, కిందికి దిగి ఇంకో నలుగురు అధికారుల్ని పిలుచుకొచ్చాడు. అందరూ కడుపు పట్టుకుని నవ్వి ముద్ర వేశారు. మిగతా సగం గొరుగుదామంటే పోలినాయుడు ఒప్పుకోలేదు. అధికారి సగానికే సరే అన్నాడు, పూర్తిగా తీయమని ఎవరూ చెప్పలేదు.

ఆఖరి రోజు బెల్‌గ్రేడు. ఊరి చివర ఎత్తు మీద పాత కోట ఉంది. కోటగోడ దగ్గరికి వెళ్తే కింద డాన్యూబు, దాన్లో ఇంకో నది వచ్చి కలుస్తుంది. అత్త ఆ పొద్దున తలంటు పోసుకుంది, కొత్త చీర కట్టింది. "మామ్మగారూ, మెట్లు అరిగిపోయి ఉన్నాయి, కాళ్ళ కిందే చూసుకుంటూ నడవండి" అన్నాడు గైడు. నలుగురూ కాళ్ళ కిందే చూస్తూ కోటగోడ దాకా వచ్చారు. అక్కడ అతను నదికి వీపు పెట్టించి, వరసగా నిలబెట్టాడు. "నా వైపే చూడండి. గోడ పొట్టిగా ఉంది, పడిపోతారు. నేను చెప్పేదాకా వెనక్కి తిరగకండి."

చుట్టూ జనం ఎంత బావుందో అంటున్నారు. అత్త మెడ వెనక నదిగాలి చల్లగా తగులుతోంది. పక్కనే ఉన్న గుంటూరు బ్యాంకాయన్ని అడిగింది.

"బాబూ, ఉందా?"

"ఏదమ్మా?"

"డాన్యూబు."

"ఎదురుగానే ఉంది గదమ్మా. ఇటు తిరిగి చూడండి."

"ఇంకా సెప్పనేదు బాబూ" అంది అత్త, గైడు మొహంలోంచి చూపు తిప్పకుండా.

గైడు ఫోటో తీశాడు. మొహాలు పెద్దగా రావాలని బాగా దగ్గరికొచ్చి తీశాడు గనక అందులో నాలుగు మొహాలూ, పోలినాయుడి సగం గుండు మీద కాస్త ఆకాశమూ తప్ప ఏమీ పడలేదు. అప్పుడే అతని ఫోను మోగింది. కంపెనీ. అందరూ ఉన్నారా అని అడిగారు. లెక్కపెట్టాడు. నలభై. మళ్ళీ లెక్కపెట్టాడు. నలభై. ఆ సంతోషంలో ఒళ్ళు మరిచిపోయి, "బస్సెక్కండి, విమానానికి టైమైంది" అని జెండా ఊపుతూ పరిగెత్తాడు.

బస్సు ఎదురుగా ఉంది. నది వెనక ఉంది. నలుగురూ ఎదురుగా నడిచారు.

యాభై నాలుగేళ్ళు ఎదురుచూసిన మనిషి, గోడకి నాలుగడుగుల దూరంలో నదికి వీపు పెట్టి నిలబడి వచ్చేసింది. మిగతాదంతా నవ్వుతూ విన్నాను గానీ ఈ ముక్క దగ్గర అయ్యో అత్తా అనేశాను. అత్తకి మాత్రం ఏ దిగులూ లేదు. "సెప్తాడు లే, మంచి బిడ్డ" అంది.

అనకాపల్లి వచ్చాక వీధంతా వింత. నలుగురూ వెనక్కి తిరగరు. ఇంట్లోకి ఎలా వెళ్ళారో అలాగే వెనక్కి నడుచుకుంటూ బయటికొస్తారు. బెల్లం కొట్టుకి వచ్చిన బేరగాళ్ళకి ముందు వీపు కనపడుతుంది. మూడు రోజులు చూసి, నేనే గైడుకి ఫోను చేయమన్నాను. పొద్దున తొమ్మిదింటికి పోలినాయుడు చేశాడు.

"గైడు బాబూ, మేం దిమ్మలోళ్ళం. ఇంక ఎనక్కి తిరగొచ్చా?"

అవతల ఏదో హడావిడిలో ఉన్నాడు. "తిరగండి పెద్దాయనా, ఎవరొద్దన్నారు" అన్నాడు.

అంతే. పోలినాయుడు అందర్నీ పెరట్లో వరసగా నిలబెట్టాడు. బెల్‌గ్రేడులో ఎవరెక్కడ ఉన్నారో అక్కడే. అత్త మళ్ళీ ఆ కొత్త చీర కట్టుకొచ్చింది. ఒకటి, రెండు, మూడు అన్నాడు. నలుగురూ వెనక్కి తిరిగారు.

పెరటి వెనక బెల్లం పెనాలు కడిగిన నీళ్ళు పారే కాలువ ఉంది. గోధుమరంగు నీళ్ళు, ఈగలు, అడ్డంగా పడుకున్న ఎవరిదో గేదె. అత్త చాలాసేపు చూసింది. కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఇక్కడే ఉందేట్రా" అంది. "పంతులుగారు పటంలో ఎక్కడెక్కడో ఎతికించారు, పాపం ఆయనకీ తెలీదు."

 ఆ మొహం చూసి నేను వెళ్ళి గేదెని అదిలించి పక్కకి తోలాను.

మర్నాడు పొద్దున నూకాలమ్మత్త పెట్టెలోంచి పలక తీసుకుని బడికి వెళ్ళింది. అదే బడి, గోడలు మాత్రం కొత్తవి. అయిదో క్లాసులో పాఠం చెప్తున్న పంతులమ్మ తెల్లబోయింది.

"డాన్యూబు సూసీసినానమ్మా" అంది అత్త గుమ్మంలో నిలబడి. "ఇంక కూకోవచ్చా?"

పంతులమ్మకి ఏమీ అర్థం కాలేదు. పెద్దావిడ, ఎండన పడి వచ్చింది. "కూర్చోండి మామ్మగారూ" అంది.

అత్త ముందు బెంచీలో పిల్లల మధ్య కూర్చుంది. సాయంత్రం గంట కొట్టారు, పిల్లలు వెళ్ళిపోయారు, పంతులమ్మా వెళ్ళిపోయింది. తాళం వేయడానికి వచ్చిన వాచ్‌మన్ ఎంత బతిమాలినా అత్త కదల్లేదు. పంతులమ్మ కూర్చోమంది గానీ లెమ్మనలేదట.