మచ్చల పుస్తకం

పేరి అవధాని గారికి ఒక అలవాటుండేది. పుట్టుమచ్చ చూసి ఫలితం చెప్పమని ఎవరొచ్చినా ఆయన ముందు బొమ్మ గీసేవారు. కడియం చుట్టుపక్కల పూలతోటల ఊళ్ళలో సాముద్రికమంటే ఆయన తరవాతే ఎవరైనా. ఆ మాట అందరూ ఒప్పుకునేవారు గాని, ఈ గీతల పని మాత్రం వచ్చినవాళ్ళకు ఒక పట్టాన మింగుడుపడేది కాదు. ధనయోగమో వాహనయోగమో ఓ మాట అనేసి పంపించక, ఆయన పొడుగాటి పుస్తకం తెరిచి మనిషి ఆకారం గీసి, ఏ మచ్చ ఎక్కడుందో, ఎంత వెడల్పో, ఏ రంగో, అంచు నున్నగా ఉందో చెదిరి ఉందో అన్నీ రాసుకునేవారు. కింద తేదీ వేసేవారు. ముఖమూ చేతులూ చూసి ఊరుకునే రకం కాదు. అరికాళ్ళు, వేళ్ళ సందులు, గోళ్ళు కూడా చూడాల్సిందే. ఆడవాళ్ళ వీపులు ఆయన భార్య సుందరమ్మ గారు లోపలి గదిలో చూసి, బయటికొచ్చి చెబితే ఈయన రాసుకునేవారు. ఏడాది తిరిగి అదే మనిషి వస్తే పాత పేజీ పక్కన పెట్టుకుని మళ్ళీ మొదటినుంచీ చూసి రాసేవారు.

ఆయన దగ్గర కామేశం అని ఒక శిష్యుడు చేరాడు. నలభై ఏళ్ళవాడు. శాస్త్రం మీద మోజుతో బట్టల కొట్లో గుమాస్తా పని మానేసి వచ్చాడు. ఆరు నెలల్లో శ్లోకాలన్నీ నోటికి పట్టేశాడు. ఏ మచ్చ పేరెత్తినా తడుముకోకుండా ఫలం చెప్పేవాడు. తనకింత తెలుసన్న సంగతి పదిమందికీ తెలియాలని కూడా అతనికి ఉండేది. అలాంటివాణ్ణి పట్టుకుని గురువుగారు రోజంతా మచ్చలు కొలిపిస్తుంటే చిన్నతనంగా ఉండదూ? ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, శాస్త్రం మచ్చ ఉన్న చోటు చెప్పింది, దాని ఫలం చెప్పింది. కొలత ఎక్కడా అడగలేదు. కొట్లో వదిలేసి వచ్చిన టేపు నాకు మళ్ళీ ఇక్కడ ఎందుకండీ?"

అవధాని గారు ప్రశ్న బాగానే ఉందన్నట్టు తల ఊపి పెన్సిలు చెక్కుకుంటూ కూర్చున్నారు. వాదించడం ఆయనకు మొదటినుంచీ పడదు.

ఆ వారంలోనే మంగాయమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, నర్సరీలో మొక్కలకు అంటు కట్టే పని. ముప్ఫై ఏళ్ళుగా తడిమట్టిలో ఒట్టి కాళ్ళతో నిలబడినది. ఏటా చైత్రంలో వచ్చి మచ్చలు చూపించుకుని, ఈ ఏడైనా కాశీ ఉందా అని అడిగి వెళ్ళేది. ఉందని ఆయన ఏ ఏడూ అనలేదు. ఈసారి ఆవిడ అడగడానికి రాలేదు, చెప్పడానికి వచ్చింది. ఎడమ అరికాల్లో మచ్చ వచ్చిందట. అది కాశీ మచ్చేనని తోటివాళ్ళందరూ తేల్చేశారట. అన్నట్టే పన్నెండుమంది ఆడవాళ్ళు కలిసి టిక్కెట్లు కూడా తీసుకున్నారు, వచ్చే గురువారం రైలు. అదృష్టం తెచ్చిన మచ్చ కదా అని దానికి రోజూ కుంకుమ పెట్టుకుంటోంది. ఆ కుంకుమతోనే వచ్చి, అవధాని గారి నోటంట ఒక్క మాట విని పోదామని అరుగు మీద కూర్చుని కాలు చాపింది.

కామేశానికి ఇంతకన్నా ఏం కావాలి? గురువుగారు కళ్ళజోడు వెతుక్కునే లోపే, ఆడవారికి ఎడమ పాదమే శుభమనీ, అరికాలి మచ్చ యాత్రాయోగమనీ, అందులోనూ ఉత్తరదిక్కు యాత్ర అనీ శ్లోకంతో సహా చెప్పేశాడు. మంగాయమ్మ కళ్ళు చెమర్చాయి. చెప్పినవాడికి ఛాతీ ఉబ్బింది.

అవధాని గారు తడిగుడ్డ తెప్పించి ఆ కుంకుమ తుడిచారు. తుడిచి చాలాసేపు చూశారు. కాలు వెలుతురు వైపు తిప్పించి మళ్ళీ చూశారు. తరవాత పుస్తకం తీయించారు. రెండేళ్ళ కిందటి పేజీలో మడమ దగ్గర ఏమీ లేదు. నిరుటి పేజీలో అక్కడ ఆవగింజంత చుక్క, ఆయన చేత్తో పెట్టిందే. ఇప్పుడు కామేశం టేపు పెట్టి చూస్తే చిటికెన వేలి గోరంత తేలింది. ఒక పక్క నలుపు, ఒక పక్క గోధుమరంగు. అంచు ఒకవైపు మాత్రం తడి కాగితం మీద సిరాలా పాకి ఉంది. అదంతా కొత్త పేజీలో గీసి తేదీ వేశారు.

ముల్లేమైనా గుచ్చుకుందా అని అడిగారు. లేదంది. దురదగాని నెప్పిగాని ఉందా అంటే అవీ లేవంది. ఒకటి రెండుసార్లు నెత్తుటి చెమ్మ కనిపించిందనీ, మట్టిపనిలో అలాంటివి మామూలేననీ చెప్పింది. ఆయన పుస్తకం మూయకుండానే అన్నారు.

"మంగాయమ్మా, ఇది నేను ఫలం చెప్పే మచ్చ కాదు. రేపు పొద్దున్నే రాజమండ్రి వెళ్ళి చర్మం డాక్టరుకి చూపించాలి."

ఆవిడ ముఖం వాడిపోయింది. కాశీ నుంచి వచ్చాక చూపించుకుంటానంది. అంతవరకూ ఆగకూడదన్నారు ఆయన. నెప్పి లేనిదానికి డాక్టరెందుకంది. నెప్పి లేకపోతే ధైర్యంగా ఉండవచ్చని ఎవరు చెప్పారని అడిగారు. ఒంటి మీది తోలుకి కూడా క్యాన్సరు వస్తుందనీ, అది ఇలా మచ్చలాగే మొదలు కావచ్చనీ, ఇది అదే అయి ఉండకపోవచ్చు గాని తేల్చవలసింది డాక్టరే తప్ప తాను కాదనీ మెల్లగా చెప్పారు. మంగాయమ్మకు కోపం ముంచుకొచ్చింది.

"సుబమని బొట్టెట్టుకొని వత్తే ఇదాండీ మీరు చెప్పేది? ముప్పయ్యేళ్ళనించి సూత్తన్నానండి ఈ కాశీ కోసం" అని కాలు వెనక్కి లాక్కుని లేచి వెళ్ళిపోయింది.

సాయంత్రానికల్లా ఈ మాట ఊళ్ళో పాకిపోయింది. అవధాని గారికి చూపు మందగించిందని ఒకరు, నోరు కూడా చెడిందని ఇంకొకరు. అందరికన్నా ఎక్కువ నొచ్చుకున్నది కామేశం. తాను చెప్పిన చక్కటి ఫలితాన్ని గురువుగారు మట్టిపాలు చేశారని అతని బాధ. ఆ రోజు టీ కొట్టు వైపు కూడా పోలేదు.

తెల్లవారగానే అవధాని గారు ఉతికిన కండువా వేసుకుని, పుస్తకం చంకన పెట్టుకుని, కామేశాన్ని వెంటబెట్టుకుని మంగాయమ్మ ఇంటికి వెళ్ళారు. వాకిట్లో పీట వేయించుకుని కూర్చున్నారు. అంతటి పెద్దాయన వాకిట్లో కూర్చుని ఉంటే ఏ ఆడమనిషి ఇంట్లో పొయ్యి ముట్టించుకోగలదు? అరగంట చూసి, నలుగురూ గుమిగూడుతుంటే సిగ్గుపడి, ఆవిడే చీర మార్చుకుని వచ్చింది. ముగ్గురూ ఆటో ఎక్కారు.

డాక్టరమ్మ చిన్నది, పాతికేళ్ళు దాటి మరో అయిదారేళ్ళు ఉంటాయేమో. భూతద్దం పెట్టి చూసి, అందరినీ అడిగే ప్రశ్నే అడిగింది, ఎప్పటినుంచి ఉందని. మంగాయమ్మ అవధాని గారి వైపు చూసింది. ఆయన పుస్తకం తెరిచి మూడు పేజీలూ ముందు పెట్టారు. డాక్టరమ్మ ఆ మూడు పేజీలూ అటూ ఇటూ రెండుసార్లు తిప్పింది. పక్క గదిలో ఉన్న పెద్ద డాక్టరును పిలిచి చూపించింది. ఆరోజే చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు.

గురువారం కాశీ రైలు పదకొండుమందితో వెళ్ళిపోయింది. ఆరోజు మంగాయమ్మ పనిలోకి వెళ్ళి, కాలి కట్టుతోనే పొద్దుగుంకే దాకా గులాబీలకు అంట్లు కట్టిందట. ఈ సంగతి నాకు చెప్పింది కామేశమే. తలచుకుంటే ఇప్పటికీ నాకు ఆ మనిషి మీద జాలేస్తుంది.

పది రోజులకు ఫలితం వచ్చింది. క్యాన్సరే. ఊరికే వదిలేస్తే లోపలికి పాకి ప్రాణం తీసే జాతి. అయితే ఇంకా పైపైనే ఉంది, లోతుకు దిగలేదు. చుట్టూ మరికొంత మేర కోసి తీసేసి, తొడ మీది చర్మం తెచ్చి అక్కడ అతికారు. గజ్జల్లో బిళ్ళలు కట్టాయేమోనని కూడా చూశారు, జబ్బు అక్కడికి చేరలేదు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ మంగాయమ్మను కూర్చోబెట్టి చెప్పింది. మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోవాలని. నెలకోసారి ఒళ్ళంతా తానే చూసుకోవాలని, అందనిచోటు ఇంకొకరితో చూపించుకోవాలని. ఒంటిమీద మచ్చలు అందరికీ ఉంటాయి, అన్నిటికీ హడలిపోనక్కర్లేదు. పెరిగేది, రంగు మారేది, మిగతావాటితో పోలిక లేనిది, నెల దాటినా మానని పుండు కనిపిస్తే మాత్రం ఆగకూడదు. చివరికి అవధాని గారి వైపు తిరిగింది.

"ఎప్పటినుంచి అని అడిగితే నాకు తేదీతో జవాబు ఎవరూ చెప్పరండీ. ఇంకో ఏడాది ఆగి వచ్చుంటే ఈవిడతో నేనిలా నవ్వుతూ మాట్లాడలేకపోయేదాన్ని."

కార్తీకంలో మంగాయమ్మ కాశీ వెళ్ళింది, మెత్తటి చెప్పులు తొడుక్కుని. ఈసారి ఆవిడను ఒక్కదాన్నే పంపలేక, అప్పుడు వెళ్ళొచ్చినవాళ్ళలోనే నలుగురు రెండోసారి బయల్దేరారు. తిరిగొచ్చాక సుందరమ్మ గారికి గంగ చెంబూ, అవధాని గారికి కాశీదారమూ తెచ్చింది. కూర్చున్న గంటసేపూ గంగ చల్లదనం గురించి, పడవవాడి గడుసుతనం గురించి చెబుతూనే ఉంది. మాటల మధ్యలో ఇంకో కబురు చెప్పింది. నర్సరీలో ఆడవాళ్ళు నెలకోసారి సెలవునాడు కాళ్ళు కడుక్కుని చాప వేసుకుని, ఒకరి అరికాళ్ళు ఒకరు చూసుకుంటున్నారట. ఎవరి మడమలు ఎంత పగిలాయో లెక్కపెట్టుకుని ఏడిపించుకుంటారట. అలా చూసుకుంటుంటే ఒకావిడ మెడ వెనక మచ్చ బయటపడింది. డాక్టరమ్మకు చూపిస్తే అది ఒట్టి పుట్టుమచ్చేనని పంపేసింది. ఆ మచ్చకు యోగమేమిటో మాత్రం అవధాని గారే చెప్పాలని, రేపు ఆవిడను తీసుకొస్తానని చెప్పి మంగాయమ్మ వెళ్ళింది.

ఆవిడ గుమ్మం దాటేదాకా ఆగి కామేశం గురువుగారి దగ్గరికి జరిగాడు. ఆర్నెల్లుగా మనసులో నలుగుతున్న మాట బయటపెట్టాడు. మంగాయమ్మ కాశీ వెళ్ళనే వెళ్ళింది కదా, అయితే ఆ మచ్చకు తాను చెప్పిన ఫలం నిజమైనట్టా కానట్టా అని అడిగాడు.

అవధాని గారు పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన కామేశం పేరు రాసి, మనిషి ఆకారం వెనకవైపు నుంచి గీయడం మొదలుపెట్టారు.

"చొక్కా విప్పి అటు తిరుగు నాయనా" అన్నారు. "నీ వీపు నువ్వు చూసుకుని ఎన్నాళ్ళయింది?"