పాదాల కింద పేరు

"బొమ్మ మీద చెక్కినవాడి పేరుంటే తప్పేంటి గురువుగారూ?" అని నాగలింగం ఒక ఉదయం మునిరత్నమాచారిని అడిగేశాడు. అడగడమేమిటి, ఎనిమిదేళ్లుగా కడుపులో దాచుకున్నది కక్కేశాడు.

ఎర్రచందనం అనగానే లోకానికి దొంగలు గుర్తొస్తారు. శేషాచలం కొండల కింద ఉన్న ఆ పల్లెకు మాత్రం పెళ్లికూతుళ్లు గుర్తొస్తారు. పుట్టింటివాళ్లు ఎర్రచందనపు బొమ్మల జంటను ఒళ్లో పెట్టి పంపితే గాని అక్కడ పెళ్లి పూర్తయినట్టు కాదు. ఆ బొమ్మలకు రంగు వెయ్యరు. అంత ఎర్రటి చేవకు రంగు పూయడమంటే బంగారానికి పసుపు రాయడమేనని ఆచారి ఎకసెక్కమాడేవాడు.

నాగలింగం మొదటిసారి సొంతంగా చెక్కిన జంట ఆ రోజే ఒక పెళ్లింటికి వెళ్లాలి. వాటి పాదాల కింద తన పేరుండాలని అతని పట్టు. కాదంటే, పేరు వేయనిచ్చే పట్నపు దుకాణంలో చేరిపోతానని కూడా చెప్పేశాడు. ఆచారి ఉలికి పదును పెడుతూ కూర్చున్నాడు.

అంతలో పెళ్లికూతురి అమ్మమ్మ చెంగమ్మ బొమ్మల కోసం వచ్చింది. కొంగుముడి విప్పి, బొటనవేలంత చెక్కముక్క ఒకటి ఆచారి చేతిలో పెట్టింది. చూస్తే అది ఒక బొమ్మ తల. మెడ కింద ఇంకేమీ లేదు.

"మా యమ్మ నా పెండ్లికిచ్చింది ఆచారీ. బిడ్లకు జలుబు చేసినా, పడి బొప్పి కట్టినా, దీన్నే సానరాయి మీద అరగదీసి ఆ ఎర్రగంధం నొసట పట్టేసేదాన్ని. ముందు కాళ్లు పోయె, మళ్లా నడుము పోయె. ఆరుమంది బిడ్లు, పదిమంది మనవలు చల్లగా తిరగతా ఉండారు. ఎవరు చెక్కినాడో గానీ, ఆయన చేతి చలవ. కొత్తవి గూడా ఇట్టాంటి కొయ్యేనా అని చూసుకునేదానికి తెచ్చినా."

ఆచారి ఆ తలను తిప్పి, చెవిని వేలితో తడిమాడు. కమ్మ పెట్టే చోటు కాస్త కిందికి దిగి ఉంది. చెవిని అలా చెక్కేవాడు ఆ కొండల కింద ఒక్కడే. ఆచారి దాన్ని కళ్లకద్దుకున్నాడు.

"మా నాయన చెయ్యి," అన్నాడు. ఆయన ఛాతీ అంతగా ఉప్పొంగడం నాగలింగం ఎనిమిదేళ్లలో ఎన్నడూ చూడలేదు.

నాగలింగం తన బొమ్మల పాదాలు తిప్పి చూసుకున్నాడు. సానరాయికి మొదట ఆనేవి, మొదట అరిగేవి అవే.

"ఇప్పుడు నన్నేం చేయమంటారు?" అన్నాడు మెల్లగా.

ఆచారి పదునెక్కిన ఉలిని అతని చేతికిచ్చాడు.

"పేరు చెక్కుకో నాయనా. లోతుగా మాత్రం వద్దు. పసిబిడ్ల నొసటికి తొందరగా చేరాల."