ఆవిరి అక్షరాలు

భావనారాయణ మనసులో ముప్పై రెండేళ్ళుగా ఒక ముల్లు ఉంది. దేశమంతా మెచ్చుకున్న తన పోస్టరును గురువు ఒక్కసారి కూడా బాగుందనలేదు.

ఆ గురువు పేరు జిలానీ సాహెబు. బెజవాడలో రాతి అచ్చు వేసే లితో ప్రెస్సు నడిపేవారు. నాటకాల కరపత్రాలు, అగరుబత్తి పెట్టెలు, కేలండర్లు, పుస్తకాల అట్టలు, అన్నీ ఆయన చేతి మీదుగా వెళ్ళినవే. రాతి పలక మీద అక్షరాన్ని తిరగేసి గీయడంలో ఆయనకు సాటి లేదనేవారు. భావనారాయణ ఏడేళ్ళు ఆయన దగ్గర పని నేర్చుకున్నాడు. తర్వాత డిజైన్ కాలేజీలో ప్రొఫెసరయ్యాడు, పుస్తకాలు రాశాడు, పేరు తెచ్చుకున్నాడు.

హైదరాబాదులో ఒక మ్యూజియంవాళ్ళు ఆధునిక డిజైన్ చరిత్ర మీద పెద్ద ప్రదర్శన తలపెట్టి, ఆ బాధ్యత అతనికే అప్పగించారు. రెండేళ్ళు తిరిగి సరుకంతా పోగుచేశాడు. మొదటి గదిలో జర్మనీ, పోలండు, స్విట్జర్లాండు దేశాల పోస్టర్లు. రెండో గదిలో మన అగ్గిపెట్టె బొమ్మలు, సబ్బు కాగితాలు, సినిమా వాల్‌పోస్టర్లు. రెండు గదులకూ మధ్య ఒక విడి గోడ. దాని మీద ఒకే ఒక పోస్టరు, పైనుంచి దీపం.

అది అతని పోస్టరే. సముద్రతీరంలో తుఫాను వచ్చిన ఏడాది, సాహెబుగారి ప్రెస్సులో ఉండగా, సహాయ శిబిరాల కోసం గీసింది. తెల్ల కాగితం మీద నల్లటి కుండ. కుండలోంచి లేచే ఆవిరే మెలికలు తిరుగుతూ ‘నీళ్ళు కాచి తాగండి’ అన్న అక్షరాలవుతుంది. ఇంకేమీ లేదు. ఆ ఖాళీ చూసి ఢిల్లీలో పెద్దలు ముచ్చటపడి బహుమతి ఇచ్చారు. కింద ఇప్పుడు చిన్న అట్టముక్క: ‘తెలుగులో ఆధునిక డిజైన్ ఇక్కడ మొదలైంది.’

ప్రారంభానికి ముందురోజు అతను సాహెబుగారిని రైల్లో వెంటబెట్టుకుని తీసుకొచ్చాడు. ఎనభై నాలుగేళ్ళ మనిషి. చేతికర్ర పట్టుకుని నెమ్మదిగా అన్నీ చూశారు. పోలండువాళ్ళ సర్కస్ పోస్టరు ముందు నవ్వారు. ఒక సబ్బు కాగితం దగ్గర చాలాసేపు ఆగి, “ఈ ‘క్ష’ ఎవరు గీశారో, మహానుభావుడు” అన్నారు.

చివరికి విడి గోడ ముందుకొచ్చారు. ఏమీ అనలేదు.

భావనారాయణ ఇక ఉండబట్టలేకపోయాడు.

“ఉస్తాద్, దీని గురించి మీరు ఆనాడూ మాట్లాడలేదు, ఈనాడూ మాట్లాడడం లేదు. బాగాలేదా?”

“గీత బాగుంది నారాయణా. అంత మంచి గీత నా చేతికి కూడా రాదు.”

“మరి?”

సాహెబుగారు వెనక్కి తిరిగి చూశారు. గాజు బల్లలు తుడుస్తూ ఒకావిడ కనిపించింది. మ్యూజియంలో పనిచేసే బాలమణి. యాభై దాటి ఉంటాయి.

“అమ్మా, నీకు చదవడం వచ్చునా?”

“కొద్దిగా వస్తది సార్. మా మనవరాలు నేర్పింది.”

“నా కళ్ళు సరిగా ఆనడం లేదు. ఇవేమిటో కాస్త చదివి పెడతావా తల్లీ?”

ఆవిడ చెయ్యి కొంగుకు తుడుచుకుని సంబరంగా వచ్చింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ అగ్గిపెట్టె మీది పేరు చదివింది. నాటకం కరపత్రం చదివింది. టీ పొట్లం చదివి, “గిది మా ఇంట్ల గూడ ఉండె సార్” అంది. సాహెబుగారు ఆవిడను మెల్లగా విడి గోడ దగ్గరికి నడిపించారు.

బాలమణి దాన్ని పైనుంచి కిందికి చూసింది. మెడ వంచి మళ్ళీ చూసింది.

“ఇది బొమ్మ గదా సార్. రాసిందేం లేదు.”

“బొమ్మేమిటి?”

“కుండలకెళ్ళి పాము లేస్తుంది.”

“ఆ కుండలో నీళ్ళు పోసిస్తే తాగుతావా?”

“అమ్మో! ఎట్ల తాగుత సార్?”

భావనారాయణ ముఖం ఎర్రబడింది. ఆవిడ బల్లల దగ్గరికి వెళ్ళేదాకా ఆగి, గొంతు తగ్గించి అన్నాడు. “ఉస్తాద్, ఆవిడ నిన్నగాక మొన్న అక్షరాలు నేర్చుకుంది. ఆవిడ చదవలేకపోతే...”

“ఆనాడు శిబిరంలో ఉన్నవాళ్ళకి ఆ కాసిని కూడా రావు.”

 గురువు ఆ శిబిరాలకు వెళ్ళారని భావనారాయణకు తెలియదు.

“పోస్టర్ల రెండో కట్ట ఇవ్వడానికి నేనే వెళ్ళాను,” అన్నారు సాహెబుగారు. “బడి వరండాలో నీళ్ళు కాచి చల్లార్చి నాలుగు కుండలు పెట్టారు. పైన గోడకి నీ పోస్టరు అంటించారు. కుండలు నిండుగా ఉన్నాయి. ఆడవాళ్ళేమో కాలవ నుంచి తెచ్చుకుంటున్నారు. గొడ్ల శవాలు తేలుతున్న కాలవ. ఎందుకమ్మా అంటే, ‘ఇందులో పాము పడిందని బొమ్మేసి చెప్పారు కదయ్యా’ అంది ఒకామె.”

“తర్వాత?”

“పోస్టరు చించేసి, గ్లాసు ముంచుకుని వాళ్ళ ఎదురుగా నిలబడి తాగాను. మరో గ్లాసు తాగాను. అప్పుడొక ముసలాయన వచ్చి తాగాడు. తర్వాత అందరూ వచ్చారు.”

“అప్పటికే...”

“అప్పటికి అది అంటించి మూడు రోజులైంది నారాయణా. లోపలి గదిలో జనం వాంతులతో పడుకున్నారు. ఆ రోజు ఇద్దరు పోయారు. ఆపైన ఎందరో నేను అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.”

పైన దీపం వెలుగుతూనే ఉంది. నల్లటి కుండ, తెల్లటి కాగితం. భావనారాయణ దాని వంక చూడలేకపోయాడు.

“నాకెందుకు చెప్పలేదు ఉస్తాద్?”

“చెబుదామనే వచ్చాను. నువ్వా పోస్టరును ప్రెస్సు గోడకి అంటించుకుని, దూరంగా జరిగి చూసుకుంటున్నావు. రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు రాలేదు. ఆర్నెల్లకి నీకు బహుమతి వచ్చింది. సభలో అందరూ లేచి చప్పట్లు కొట్టారు.”

సాహెబుగారు చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించారు.

“నేనూ కొట్టాను.”

 అవతలి గదిలో ఎవరో మేకు కొడుతున్న చప్పుడు.

భావనారాయణ పోస్టరు తీసేయమంటాడేమో అనిపించింది సాహెబుగారికి. అతను పోస్టరు జోలికి వెళ్ళలేదు. కింద ఉన్న అట్టముక్క ఊడదీశాడు. కొత్త అట్ట అడిగి తీసుకుని, నేల మీద కూర్చుని, పెన్సిల్‌తో పెద్ద పెద్ద అక్షరాలు రాశాడు. బాలమణిని పిలిచి చూపించాడు. ఆవిడ రెండో మాట దగ్గర తడబడింది. చెరిపి, ఇంకా తేలిక మాట రాశాడు. మళ్ళీ చూపించాడు. అలా నాలుగుసార్లు.

ఐదోసారి ఆవిడ ఎక్కడా ఆగకుండా చదివింది.

“తుఫానప్పుడు ఈ బొమ్మ జనానికి తెలియలేదు. మంచి నీళ్ళు ఉన్నా తాగలేదు. కొందరు చనిపోయారు. గీసింది భావనారాయణ.”

చదివి, ఆవిడ అతని ముఖంలోకి చూసింది. 

సాహెబుగారు వంగి, అతని చేతిలోని పెన్సిల్ తీసుకున్నారు. అట్ట మీద ఆనించారు. ఆయన రాయలేకపోయారు. పెన్సిల్ తిరిగి ఇచ్చేశారు.

“కింద నా పేరు కూడా రాయి,” అన్నారు. “అచ్చు వేసింది నేను.”